మొగుడి సంతకం నుంచి ‘ప్రెసిదెంతా’ దాకా: స్పానిష్ దేశాల ఆడవాళ్ళ స్వతంత్రం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో స్పానిష్ నేర్పడం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. వ్యాకరణం సందేహాలు ఒకటి రెండు క్లాసుల్లో తీరిపోతాయి. తీరనివి వేరే ఉన్నాయి. సీరియళ్ళు చూసి వచ్చే పిల్లలు, డల్లాస్ నుంచో హ్యూస్టన్ నుంచో ఫోన్ చేసే పాత స్టూడెంట్లు, అందరూ తిప్పితిప్పి అవే అడుగుతారు: అక్కడి ఆడవాళ్ళ సంగతేంటి, మనలాగేనా, మనకంటే నయమా? ప్రతి బ్యాచ్‌కీ చెప్పిందే చెప్పలేక జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఎక్కువగా మెక్సికో, ఆ తర్వాత స్పెయిన్. నాకు దగ్గరగా తెలిసినవి ఆ రెండే. ఆడపిల్ల బతుకులో వచ్చే మలుపుల వరుసలో పేర్చాను గానీ, ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

## ముందు మాటల సంగతి

హిస్పానిక్ అన్నా లాటినో అన్నా ఒకటేనా?

కాదు. హిస్పానిక్ అంటే స్పానిష్ భాషకు చెందినవాళ్ళు, లాటినో అంటే లాటిన్ అమెరికా వాళ్ళు. బ్రెజిల్ అమ్మాయి మాట్లాడేది పోర్చుగీసు కాబట్టి ఆమె లాటినా, హిస్పానిక్ కాదు. స్పెయిన్ అమ్మాయి హిస్పానిక్, లాటినా కాదు. స్పానిష్ అధికార భాషగా ఉన్న స్వతంత్ర దేశాలు 20. వాటన్నిటికీ కలిపి "వాళ్ళ సంస్కృతి ఇంతే" అనడం తెలుగువాళ్ళకీ పంజాబీలకీ కలిపి ఒకే పెళ్ళితంతు రాసిపెట్టినట్టుంటుంది.

మాచిస్మో అంటే మగపెత్తనమే కదా, దానికి వేరే పేరెందుకు?

స్పానిష్‌లో "మాచో" అంటే మగది, జంతువుల్లో వాడే మాట. మగపెత్తనం లేని చోటు లేదు. మాచిస్మోలో దానికి తోడు నలుగురి ముందూ చూపించుకోవడం ఉంటుంది. ఏడవకూడదు, ఎంత తాగినా తూలకూడదు, చెల్లెలి వెంట పడ్డవాణ్ణి నిలదీయాలి, హోటల్లో బిల్లు తానే కట్టాలి. దీనికే ఇంకో ముఖం "కబయెరో": తలుపు తీసి పట్టుకుని, "నువ్వెందుకు కష్టపడటం, నేను లేనూ?" అనే పెద్దమనిషి.

నన్నడిగితే ఈ రెండో ముఖంతోనే ఎక్కువ చిక్కు. కొట్టే మొగుణ్ణి వదిలి వచ్చానంటే ఎవరికైనా అర్థమవుతుంది. చల్లగా చూసుకునే మొగుణ్ణి కాదని ఉద్యోగానికి వెళ్తానంటే మాత్రం ప్రతి చుట్టానికీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఇలాంటి చిన్నచిన్న పెత్తనాలకు ఇప్పుడు "మైక్రోమాచిస్మో" అనే మాట వాడుతున్నారు. బీరు ఆమె చెప్పి, కూల్‌డ్రింకు అతను చెప్తే, వెయిటర్ తెచ్చి గ్లాసులు అటుదిటు పెట్టేస్తాడు చూడండి, అదన్నమాట.

గ్వాదలూపే మాత, మలించే అనే పేర్లు ప్రతిచోటా ఎందుకొస్తాయి?

మెక్సికోలో ఆడదాన్ని తూచడానికి వాడే రెండు తూకపురాళ్ళు అవి. 1531లో టెపెయాక్ గుట్ట మీద మరియమాత కనిపించిందని వాళ్ళ నమ్మకం. డిసెంబర్ 12న ఆ గుడికి లక్షల మంది నడిచి వస్తారు. ఓర్పు, త్యాగం, కన్నెరికం, తల్లితనం అన్నీ కలిసిన రూపం ఆవిడ. ఆ తల్లిలా ఉండాలనే ఆదర్శానికి 1973లో ఎవలిన్ స్టీవెన్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు "మరియనిస్మో" అని పేరు పెట్టింది.

మలించే రెండో రాయి. 1519లో టబాస్కోలో స్పెయిన్ సైన్యానికి కానుకగా ఇచ్చిన 20 మంది బానిస స్త్రీలలో ఒకతె. నావాత్ల్, మాయా భాషలు రెండూ వచ్చు, స్పానిష్ త్వరగానే పట్టేసింది, స్పెయిన్ సేనాని కోర్తెస్‌కి దుబాసీ అయింది. దేశాన్ని అప్పగించిన ద్రోహి అని ముద్ర వేశారు. పరదేశీ మోజున్నవాళ్ళని ఇప్పటికీ "మలించిస్తా" అని తిడతారు. చేతులు మారిన బానిసపిల్ల ఎవరికి ద్రోహం చేసినట్టు అని మెక్సికో స్త్రీవాదులు అడగడం మొదలుపెట్టి చాలాకాలమైంది.

ఇంట్లో అమ్మమాటే చెల్లుతుందట కదా, ఇంక పెత్తనం ఎక్కడుంది?

చెల్లుతుంది, నిజమే. మెక్సికో కుర్రాళ్ళు అమ్మని "హెఫా" అంటారు, బాస్ అని. కానీ ఆ అధికారం ఆడదానిగా వచ్చింది కాదు, కొడుకుల తల్లిగా వయసుతో వచ్చింది. మన అత్తగారి పెత్తనం లాంటిదే. ఇరవై ఏళ్ళప్పుడు గొంతు విప్పని కోడలే అరవై ఏళ్ళకి కొత్త కోడలి గొంతు నొక్కుతుంది. కాబట్టి "మా ఇంట్లో అమ్మే రాజు" అన్న మాట విన్నప్పుడు, ఆ ఇంట్లో చిన్న కూతురు ఏమంటుందో కూడా వినాలి.

## పుట్టింట్లో

కిన్సెయాన్యేరా మన ఓణీల ఫంక్షన్ లాంటిదేనా?

చూడటానికి అచ్చం అంతే. ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండినప్పుడు చర్చిలో పూజ, ఆ తర్వాత హాలు, బ్యాండు, విందు, అప్పు. అప్పు తగ్గించడానికి ఒక మంచి పద్ధతి ఉంది: కేకు ఒకరు, గౌను ఒకరు, కిరీటం ఒకరు, ఇలా బంధుమిత్రులు "పద్రీనో"లుగా ఖర్చు పంచుకుంటారు.

అసలు చూడాల్సింది చెప్పుల దగ్గర. అమ్మాయి పల్చటి చెప్పులతో కూర్చుంటుంది. తండ్రి మోకాళ్ళ మీద వంగి అవి విప్పి హైహీల్స్ తొడుగుతాడు. చేతికి "ఆఖరి బొమ్మ" ఇస్తారు, దాన్ని ఆమె చెల్లెలికి ఇచ్చేస్తుంది. తర్వాత తండ్రితో వాల్ట్జ్ డాన్సు. ఒకప్పుడు ఇది పిల్ల పెళ్ళికి సిద్ధమని చాటడమే. ఇప్పుడు చాలామంది అమ్మాయిలు ఆ డబ్బుతో టూరుకో చదువుకో పంపమని బేరం పెడుతున్నారు. కొందరు గౌనూ కావాలి, చదువూ కావాలి అంటారు. అందులో తప్పేముందో నాకైతే అర్థం కాదు.

చదువుకుంటానంటే అడ్డుపడేవారా?

స్పానిష్‌లో ఒక సామెత ఉంది: లాటిన్ వచ్చిన ఆడదానికి మొగుడూ దొరకడు, మంచి గతీ పట్టదు. "ఉద్యోగాలు చేయాలా, ఊళ్ళేలాలా" అనే మన మాటకి అది అక్కగారు.

ఆ సామెతకి ఎదురు నిలిచిన మనిషి పదిహేడో శతాబ్దపు మెక్సికో కవయిత్రి సోర్ హ్వానా ఇనెస్. చిన్నప్పుడే, మగపిల్లాడి బట్టలేసి యూనివర్సిటీకి పంపమని తల్లిని వేధించింది. కుదరలేదు. తాతగారి పుస్తకాలతో సొంతంగా చదువుకుంది. అనుకున్న గడువులోగా పాఠం రాకపోతే జుట్టు కత్తిరించుకునేది. ఏమీ లేని తలకి అలంకారం ఎందుకని. పెళ్ళి ఇష్టం లేక, చదువుకోవడానికి వీలుండే చోటు ఇంకోటి లేక, సన్యాసినిగా మఠంలో చేరింది. పుస్తకాలు ముట్టొద్దని పైవాళ్ళు చెప్పినప్పుడు వంటింట్లో గుడ్డు వెన్నలో ఎలా గట్టిపడుతుందో, పాకంలో ఎలా విడిపోతుందో గమనిస్తూ కూర్చుంది. అరిస్టాటిల్ వంట చేసి ఉంటే ఇంకా ఎక్కువ రాసేవాడని ఆవిడ విసిరిన చమత్కారం. 1695లో, అంటువ్యాధి సోకిన తోటి సన్యాసినులకు సేవ చేస్తూ పోయింది. ఇప్పుడు మెక్సికో 100 పెసోల నోటు మీద ఉన్నది ఆవిడే.

పెళ్ళి కాకుండా విడిగా ఇల్లు తీసుకుని ఉండొచ్చా?

ఈరోజు చట్టం అడ్డం రాదు. అడ్డం వచ్చేది "ఎల్ కె దిరాన్": నలుగురూ ఏమంటారో. తెలుగువాళ్ళకి ఈ మాట వివరించాల్సిన పని ఎప్పుడూ పడలేదు. కూతురు పుట్టింటి గడప దాటాలంటే తెల్ల గౌనులోనే దాటాలని మెక్సికోలో తల్లులు ఇప్పటికీ అంటారు. దాటకుండా వయసు మీరితే "సెయింట్ల విగ్రహాలకి బట్టలు కట్టడానికి మిగిలిపోయింది" అనే ఎత్తిపొడుపు సిద్ధంగా ఉంటుంది.

స్పెయిన్‌లో మాత్రం ఇది చట్టంలోనే ఉండేది. మేజరైనా సరే, 25 ఏళ్ళు నిండని కూతురు తల్లిదండ్రుల అనుమతి లేనిదే ఇల్లు వదలకూడదు. దారులు రెండే, పెళ్ళి లేదా మఠం. ఆ నిబంధన పోయింది 1972లో.

## పెళ్ళి, పేరు, సంతకం

పెళ్ళయ్యాక ఇంటిపేరు మారదట, నిజమేనా?

నిజం. స్పెయిన్‌లోనూ మెక్సికోలోనూ ప్రతివాళ్ళకీ రెండు ఇంటిపేర్లు: ఒకటి నాన్నది, ఒకటి అమ్మది. పెళ్ళయినా అవే ఉంటాయి. పాస్‌పోర్టులూ సర్టిఫికెట్లూ మార్చుకునే తిప్పలు లేవు. మా క్లాసులో ఈ మాట చెప్పగానే కొత్తగా పెళ్ళయిన అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

అయితే రెండు మెలికలున్నాయి. మర్యాద పేరుతో "సెన్యోరా (శ్రీమతి) ఫలానా దె ఫలానా" అని పిలిచే అలవాటు ఉంది. ఆ "దె"కి అర్థం "యొక్క", అంటే ఫలానావారి సొత్తు. పాత తరం విజిటింగ్ కార్డుల మీదా, సమాధి రాళ్ళ మీదా ఇది కనిపిస్తుంది. రెండో మెలిక ఏమిటంటే, అమ్మ నుంచి వచ్చే ఇంటిపేరు కూడా నిజానికి ఆమె తండ్రిదే, పైగా రెండోది కాబట్టి మనవల దగ్గరికి వచ్చేసరికి రాలిపోతుంది. స్పెయిన్‌లో 1999 నుంచి తల్లిపేరు ముందు పెట్టే వీలు వచ్చింది. 2017 నుంచి తండ్రిపేరుకి తనంతట తానుగా వచ్చే మొదటి స్థానం కూడా పోయింది. ఏది ముందో ఇద్దరూ కలిసి రాసివ్వాలి.

స్పెయిన్‌లో మొగుడు ఒప్పుకోకపోతే బ్యాంకు ఖాతా కూడా తెరవలేకపోయేవారా?

లేకపోయేవారు. అదీ మన అమ్మమ్మల కాలంలో కాదు, 1975 దాకా. ఉద్యోగంలో చేరాలన్నా, పాస్‌పోర్టు తీసుకోవాలన్నా, తన పేరునున్న ఆస్తి అమ్మాలన్నా "లిసెన్సియా మరితాల్", అంటే భర్త అనుమతి ఉండాలి. 1889 సివిల్ కోడ్ 57వ అధికరణం ఒక్క వాక్యంలో తేల్చేసింది: భర్త భార్యను కాపాడాలి, భార్య భర్తకు లోబడాలి.

1930లలో రిపబ్లిక్ వచ్చి కొన్ని తలుపులు తెరిచింది; నియంత ఫ్రాంకో వచ్చి మళ్ళీ మూశాడు. ఆ చీకట్లోనే మెర్సెదెస్ ఫోర్మికా అనే లాయరు 1953లో ఒక పత్రికలో రాసింది. మొగుడు కత్తితో పొడిచిన స్త్రీ ఆసుపత్రిలో పడి ఉంది. అంతకుముందు విడిపోదామనుకుంటే, ఇల్లూ పిల్లలూ డబ్బూ అన్నీ పోతాయని చెప్పారట. ఎందుకంటే చట్టం భాషలో ఆ ఇంటి పేరే "భర్త ఇల్లు". ఆ వ్యాసం మీద రేగిన చర్చ 1958 సవరణ దాకా వెళ్ళింది, "భర్త ఇల్లు" అనే మాట "దంపతుల ఇల్లు"గా మారింది. ఒక్క మాటే. కానీ విడిపోయినప్పుడు ఎవరు బయటికి నడవాలో ఆ మాట మీదే ఆధారపడి ఉండేది.

అనుమతి పత్రం పూర్తిగా రద్దయింది 1975 మే 2 నాటి చట్టంతో, ఫ్రాంకో చనిపోవడానికి ఆరు నెలల ముందు. దాని వెనక మరియా తెలో అనే మరో లాయరు ఏళ్ళ తరబడి చేసిన కృషి ఉంది. పిల్లల మీదా ఉమ్మడి ఆస్తి మీదా సమాన హక్కు రావడానికి ఇంకో ఆరేళ్ళు, 1981 దాకా ఆగాల్సి వచ్చింది.

మెక్సికోలో కూడా అలాగే ఉండేదా?

కాస్త మెత్తగా. రాజధాని ప్రాంతానికి చేసిన 1928 సివిల్ కోడ్ పెళ్ళయిన స్త్రీ ఉద్యోగం చేయొచ్చంది, ఇంటి బాధ్యతలకు భంగం రానంతవరకు. భంగం వచ్చిందో లేదో మొగుడు చెప్తాడు; ఇల్లు గడిచేంత సంపాదిస్తున్నానంటే అభ్యంతరం పెట్టే హక్కు అతనిది. 1974 చివర్లో దాన్ని మార్చి, రాజ్యాంగం నాలుగో అధికరణంలో స్త్రీపురుషులు చట్టం ముందు సమానమని చేర్చారు. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి మొదటి ప్రపంచ మహిళా సదస్సు మెక్సికో సిటీలోనే జరగాల్సి ఉంది. చుట్టాలొస్తున్నారంటే ఇంటికి సున్నం వేయించడం మనకి మాత్రం తెలియదా?

కాథలిక్ దేశాలు కదా, విడాకులు ఎప్పుడొచ్చాయి?

దేశానికో కథ. ఉరుగ్వేలో 1913లోనే, కారణం చెప్పకుండా భార్య ఒక్కతే కోరినా విడాకులిచ్చే చట్టం వచ్చింది; ఆ సౌకర్యం మొగుడికి లేదు. మెక్సికోలో విప్లవం మధ్యలో, 1914 చివర్లో వచ్చింది. స్పెయిన్‌లో 1932లో వచ్చి, ఫ్రాంకో కాలంలో పోయి, 1981లో తిరిగొచ్చింది. అర్జెంటీనాలో 1987. చిలీలో 2004. అంతవరకు చిలీలో జంటలు "అసలు ఆ పెళ్ళే చెల్లదు" అని అబద్ధపు సాక్ష్యాలతో రద్దు చేయించుకునేవారు. డబ్బున్నవాళ్ళకి సులువు, లేనివాళ్ళు కలిసున్నట్టు నటించారు.

"కాసా చీకా" అంటే ఏంటి?

మాటకి మాట తెలుగు: చిన్నిల్లు. అర్థం కూడా అదే. ఇంతకంటే వివరణ అక్కర్లేదు గానీ ఒక్క సంగతి. స్పెయిన్‌లో 1978 దాకా రంకు నేరమే. భార్య ఒక్కసారి తప్పినా నేరం. భర్త ఉంపుడుగత్తెను ఇంట్లోనో ఊరందరికీ తెలిసేలానో పెట్టుకుంటే తప్ప నేరం కాదు.

## పని, డబ్బు

పిండిమరకీ ఆడవాళ్ళ స్వేచ్ఛకీ సంబంధం ఏమిటి?

నా వరకు ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. మెక్సికో తిండికి ఆధారం తొర్తియా, అంటే మొక్కజొన్న రొట్టె. రాత్రి గింజల్ని సున్నపునీళ్ళలో ఉడికించి నానబెడతారు, దాన్ని నిష్టమాల్ అంటారు. తెల్లారకముందే ఆడది నేల మీద మోకాళ్ళేసి, మెతాతే అనే మూడు కాళ్ళ రాతి మీద, రెండు చేతులతో రాతికర్ర పట్టుకుని ముందుకీ వెనక్కీ నూరాలి. మన సన్నికల్లు ఇంకాస్త వాలుగా, పెద్దగా ఉన్నట్టు ఊహించుకోండి. ఇంటిల్లిపాదికీ సరిపడా నూరడానికి రోజుకి నాలుగు నుంచి ఆరు గంటలు. రేపటికి దాచుకుందామంటే తడిపిండి పులిసిపోతుంది. కాబట్టి పండగా లేదు, జ్వరమూ లేదు.

1920లు, 30లలో పల్లెలకి మోటారు మరలు వచ్చాయి. ఆరు గంటల పని కాసేపట్లో అయిపోతుంది. మగవాళ్ళు ఎగిరి గంతేశారనుకుంటున్నారా? మరపిండి తొర్తియాకి రుచి ఉండదన్నారు. మర దగ్గర లైన్లో నిలబడి ఆడవాళ్ళు కబుర్లు నేర్చుకుంటారన్నారు, ఖాళీ దొరికితే చెడిపోతారన్నారు. కొన్ని ఊళ్ళలో మొదట వచ్చిన మర మూతపడింది కూడా. ఆడవాళ్ళు వదల్లేదు. లాసారో కార్దెనాస్ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో పల్లె మహిళా సంఘాలు ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీల్లో పదేపదే కనిపించే కోరిక: మా ఊరికో మర ఇప్పించండి. ఓటు హక్కు రావడానికి ఇంకా పదిహేనేళ్ళుంది. మా అమ్మ గ్రైండర్ కొన్న రోజున రుబ్బురోలుని పెరట్లోకి దొర్లించి పైన తులసికుండీ పెట్టింది. ఆ అర్జీల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ రోలే గుర్తొస్తుంది.

సొంత డబ్బు ఎలా దాచుకుంటారు?

"తాందా"తో. మన చిట్టీయే. పదిమంది చేరి వారానికి 500 పెసోలు వేస్తే, వారానికొకరు 5,000 ఎత్తుకుంటారు. వేలం లేదు, వడ్డీ లేదు, కమీషన్ లేదు. వంతులు చీటీ తీసి వేస్తారు. నడిపేవాళ్ళకి తరచుగా మొదటి వంతు. పెరూలో దీన్ని హుంతా అంటారు, బొలీవియాలో పసనాకు.

మెక్సికోలో పువెబ్లా అనే ఊళ్ళో నేను ఆర్నెల్లు అద్దెకున్న ఇంటామె తాందా నడిపేది. గళ్ళ నోట్‌బుక్కులో పేర్లు, తేదీలు. కట్టినవాళ్ళకి ఎర్ర పెన్నుతో టిక్కు. నోట్‌బుక్కు ఫ్రిజ్ మీద, బ్రెడ్డు డబ్బా కింద ఉండేది. "మీవారికి తెలుసా?" అని అడిగాను. "తాందా సంగతి తెలుసు. నా నంబరెంతో తెలియదు," అంది. ఆ నంబరు డబ్బుతోనే కూతురికి నర్సింగ్ కోర్సు ఫీజు కట్టింది. ఫ్రిజ్ కొన్నది కూడా అలాగేనట.

మగవాళ్ళు ఇంటిపని చేస్తారా?

చేసేవాళ్ళకి పేరు కూడా ఉంది: "మందిలోన్". మందిల్ అంటే వంటింటి ఏప్రన్. పెళ్ళాం కొంగు పట్టుకు తిరిగేవాడని మనం అనే వెటకారమే. ఇంకో మాట గమనించండి. గిన్నెలు తోమిన మగవాడు "నేను ఆమెకి సాయం చేస్తాను" అంటాడు. పని ఆమెది, సాయం అతనిది. ఇప్పటి అమ్మాయిలు ముందు ఈ క్రియాపదం మీదే గొడవ పెట్టుకుంటున్నారు.

ఫ్యాక్టరీ ఉద్యోగాలతో స్వేచ్ఛ వచ్చినట్టేనా?

జీతం వచ్చింది, భద్రత రాలేదు. 1965 తర్వాత అమెరికా సరిహద్దు వెంబడి "మకిలాదోరా" ఫ్యాక్టరీలు, అంటే విడిభాగాలు కూర్చి ఎగుమతి చేసేవి, లేచాయి. మొదట్లో తీసుకున్నవాళ్ళలో అత్యధికులు యువతులు. చిన్న వేళ్ళు, తక్కువ జీతం, యూనియన్ మాటెత్తరని లెక్క. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు తొలిసారి సొంత డబ్బు చూశారు. కానీ షిఫ్టు దిగి చీకట్లో ఇళ్ళకి నడవాలి. సరిహద్దు నగరం సియుదాద్ హ్వారెస్‌లో 1993 నుంచి హత్యలు వరసగా బయటపడ్డాయి. కూతురు కనిపించడం లేదని వెళ్ళిన తల్లులకి పోలీసుల దగ్గర వినిపించిన మాట: ఎవడితోనో వెళ్ళుంటుంది, వస్తుందిలే.

2001 నవంబర్‌లో పాత పత్తిచేను ఒకదాంట్లో ఎనిమిది మంది శవాలు దొరికాయి. తల్లులు వదలకుండా పోరాడితే 2009లో అంతర్-అమెరికా మానవ హక్కుల కోర్టు మెక్సికో ప్రభుత్వాన్నే తప్పుపట్టింది. ఆడది కావడం వల్లే జరిగే హత్యకి "ఫెమినిసీదియో" అనే పేరు చట్టాల్లోకి వచ్చింది. ఆ మాటను మెక్సికోలో నిలబెట్టినవాళ్ళలో మానవశాస్త్రవేత్త మార్సెలా లగార్దె ముఖ్యురాలు. ఇప్పటికీ దేశంలో ఏటా వేల మంది స్త్రీలు హత్యకు గురవుతున్నారు. హ్వారెస్‌లో గులాబీ రంగు శిలువలు కనిపిస్తే అవి ఎవరివో మీకు తెలియాలి.

## వీధిలోకి

ఊదారంగు, ఆకుపచ్చ రుమాళ్ళు ఎందుకు కట్టుకుంటారు?

ఊదా స్త్రీవాదానిది, ఆకుపచ్చ గర్భస్రావ హక్కుది. ఆకుపచ్చకి ముందు తెలుపు ఉంది. అర్జెంటీనాలో సైనిక పాలన మాయం చేసిన బిడ్డల కోసం తల్లులు 1977లో రాజధానిలోని ప్లాసా దె మాయో కూడలిలో తిరగడం మొదలుపెట్టారు. గుంపులో ఒకరినొకరు గుర్తుపట్టడానికి తలకి కట్టుకున్నవి పసిపిల్లల గుడ్డ డైపర్లు. ఆ తెల్లగుడ్డ వారసత్వమే 2003 నుంచి ఆకుపచ్చ రుమాలైంది. అర్జెంటీనాలో గర్భస్రావ హక్కు చట్టం 2020 డిసెంబర్ 30న పాసైంది. మెక్సికో సుప్రీంకోర్టు 2021లో గర్భస్రావాన్ని నేరంగా చూడటం రాజ్యాంగ విరుద్ధమంది. ఎల్ సాల్వదోర్‌లో మాత్రం ఇప్పటికీ పూర్తి నిషేధం.

మార్చి 8కి మెక్సికో సిటీలో జకరండా చెట్లు ఊదా పూలతో నిండిపోయి ఉంటాయి. ఊరేగింపు కోసం ఎవరో అలంకరించారా అనిపిస్తుంది. 2020లో ఊరేగింపు మర్నాడు, మార్చి 9న, ఆడవాళ్ళు ఎక్కడా కనిపించకుండా ఇళ్ళలో ఉండిపోయారు. బ్యాంకు కౌంటర్లు, స్కూళ్ళు, మెట్రో టికెట్ కిటికీలు ఎన్నో ఖాళీ.

నవంబర్ 25కీ స్పానిష్ దేశాలకీ ఏం సంబంధం?

ఆ తేదీ మిరబాల్ అక్కచెల్లెళ్ళది. డొమినికన్ రిపబ్లిక్ నియంత త్రుహీయోని ఎదిరించిన పత్రియా, మినెర్వా, మరియా తెరెసా జైల్లో ఉన్న భర్తల్ని చూసి వస్తుంటే, 1960 నవంబర్ 25న దారికాచి చంపి, కారు లోయలో పడ్డట్టు చూపించారు. మినెర్వా లా చదివింది, నియంత ప్రభుత్వం ప్రాక్టీసుకి లైసెన్సు ఇవ్వనేలేదు. నాలుగో సోదరి దెదే తల్లితో కలిసి వాళ్ళ పిల్లల్ని పెంచింది, 2014లో చనిపోయింది. 1981లో బొగోతాలో కలిసిన లాటిన్ అమెరికా స్త్రీవాదులు ఆ తేదీని హింసకు వ్యతిరేక దినంగా ప్రకటించారు, 1999లో ఐక్యరాజ్యసమితి దాన్ని ప్రపంచానికి చేసింది.

మెక్సికోలో తల్లుల దినోత్సవం అంత ఘనంగా ఎందుకు చేస్తారు?

మే 10న హోటళ్ళలో చోటు దొరకదు, మరియాచీ బ్యాండ్లకి క్షణం తీరిక ఉండదు. మూలం వింటే ముఖం కాస్త మారుతుంది. 1922లో యుకతాన్ రాష్ట్రంలో స్త్రీవాదులు కుటుంబ నియంత్రణ కరపత్రాలు పంచారు. దానికి విరుగుడుగా రాజధాని పత్రిక ఒకటి తల్లితనాన్ని కొలిచే పండగని దేశమంతటా ప్రచారం చేసింది. అలాగని మే 10న ఎవరికైనా ఈ చరిత్ర చెప్పకండి. నేను చెప్పాను, మా ఇంటామె కేకు ముక్క నా ప్లేట్లో పెడుతూ "తిని మాట్లాడు" అంది.

## ఓటు, పదవి

ఓటు హక్కు ఇవ్వడానికి ఎందుకంత ఆలస్యం చేశారు?

విచిత్రంగా, అభ్యుదయవాదులే భయపడ్డారు. ఆడవాళ్ళకి ఓటిస్తే చర్చి ఫాదర్లు చెప్పినవాళ్ళకే వేస్తారని. స్పెయిన్ పార్లమెంటులో 1931లో క్లారా కంపోఅమోర్ ఓటు ఇప్పుడే కావాలంటే, విక్తోరియా కెంట్ అనే మరో మహిళా సభ్యురాలు ఇంకా సమయం రాలేదంది. అక్టోబర్ 1న 161కి 121 ఓట్లతో కంపోఅమోర్ గెలిచింది. 1933లో కుడిపక్షం నెగ్గితే నింద ఆవిడ మీద పడింది. చివరికి ప్రవాసంలోనే పోయింది.

మెక్సికోలో కార్దెనాస్ కాలంలో సవరణ పార్లమెంటు దాటి కూడా అదే భయంతో అటకెక్కింది. ఓటు వచ్చింది 1953 అక్టోబర్‌లో. అన్నిటికన్నా ముందు ఈక్వడార్, 1929. ఆఖర్న పరాగ్వే, 1961.

ఆదివాసీ స్త్రీల సంగతి? వాళ్ళకి ఈ స్త్రీవాదం నగరాలదే కదా?

ఆ ఫిర్యాదు వాళ్ళదే, న్యాయమైందే. అయితే వాళ్ళు నగరం కోసం ఆగలేదు. చియాపాస్‌లో సపతిస్తా అనే ఆదివాసీ ఉద్యమం తుపాకీ పట్టకముందే, 1993లో, ఆ ఉద్యమంలోని స్త్రీలు సొంత చట్టం ఒకటి రాసుకుని మగ సహచరుల చేత ఒప్పించారు. కమాండర్ రమోనా ఊరూరా తిరిగి ఆడవాళ్ళని అడిగి కూర్చింది. త్సోత్సీల్ భాష ఆమెది, స్పానిష్ అంతంతమాత్రం. అందులో పది అంశాలు: ఇష్టంలేని పెళ్ళి చేయకూడదు, ఎంతమంది పిల్లలో తామే చెప్తారు, కొట్టకూడదు, పదవులు పొందాలి. "సంప్రదాయం" అంటూ నోరు మూయించేవాళ్ళకి వాళ్ళ జవాబు, మంచి సంప్రదాయం ఉంచుతాం, చెడ్డది తీసేస్తాం.

మహిళా అధ్యక్షురాలు వచ్చేసింది కదా, ఇంకా ఏం కావాలి?

క్లాడియా షీన్‌బామ్ 2024 అక్టోబర్ 1న ప్రమాణం చేసింది, మెక్సికో చరిత్రలో మొదటి మహిళా అధ్యక్షురాలు. అంతకుముందే 2021 ఎన్నికల్లో దిగువ సభలోని 500 సీట్లలో సరిగ్గా 250 ఆడవాళ్ళవి. అభ్యర్థుల్లో సగం స్త్రీలుండాలనే నిబంధన వల్ల. లెక్క కుదిరింది. కానీ రాత్రి పదికి ఫ్యాక్టరీ బస్సు దిగే అమ్మాయి ఇంకా కూతవేటు దూరం పరిగెత్తే వెళ్తోంది.

## వలస వెళ్ళాక, భాష నేర్చుకునేటప్పుడు

టెక్సస్‌లో మా పక్కింట్లో మెక్సికన్ కుటుంబం ఉంది. వాళ్ళమ్మాయి వేరే ఊరి కాలేజీకి వెళ్తానంటే ఇంట్లో యుద్ధం. మామూలేనా?

చాలా మామూలు. వలస వచ్చిన ఇళ్ళలో పెద్దకూతురే సగం అమ్మ. బ్యాంకులో, ఆసుపత్రిలో తల్లిదండ్రులకి దుబాసీ, తమ్ముళ్ళకి హోంవర్క్ టీచర్. ఆమె వెళ్ళిపోతే ఇల్లు నడవదు. పరువు తర్వాతి మాట, ముందు పని ఆగుతుంది. పట్టుదలగల అమ్మాయిలు తల్లిని ముందు తమవైపు తిప్పుకుంటారు. వాళ్ళింట్లో సలహా ఇవ్వాలని మీకనిపిస్తే ఆ తల్లి వంటింట్లోనే ఇవ్వండి, తండ్రి ముందు కాదు.

ఆ అమ్మాయికి దొలోరెస్ వెర్తా పేరు తెలియకపోతే చెప్పండి. 1962లో సెసార్ చావెస్‌తో కలిసి వ్యవసాయ కూలీల సంఘం పెట్టింది, పదకొండు మంది పిల్లల తల్లి. "సీ సె పుఎదె" (అవును, సాధ్యమే) అనే నినాదం 1972లో ఆవిడ ఇచ్చింది. ఏళ్ళ తరబడి చావెస్‌దే అనుకున్నారు.

పెళ్ళయిందో లేదో తెలియదు. సెన్యోరా అనాలా, సెన్యోరీతా అనాలా?

స్పెయిన్‌లో పెద్దవాళ్ళని సెన్యోరా అంటే చాలు. సెన్యోరీతా వాడకం బాగా తగ్గింది. మెక్సికోలో కొట్టువాళ్ళు ముప్పై, నలభై ఏళ్ళవాళ్ళని కూడా మర్యాదకి సెన్యోరీతా అంటారు. పెళ్ళిచేసుకోని పెద్దావిడల్లో కొందరు, సెన్యోరా అంటే "సెన్యోరీతా" అని దిద్దుతారు, గర్వంగానే. ఆఫీసుల్లో డిగ్రీ ఉన్నావిడని "లిసెన్సియాదా" అంటే పెళ్ళి గొడవే రాదు.

ఇంకొకటి. అధ్యక్షుడికి మాట "ప్రెసిదెంతె", ఆడా మగా ఇద్దరికీ సరిపోతుందని వాదించేవాళ్ళున్నారు. షీన్‌బామ్ మాత్రం "ప్రెసిదెంతా, చివర ఆ-తో" అని పట్టుబట్టి అలాగే రాయించుకుంటోంది. మా క్లాసులో పరీక్ష పేపరు దిద్దేటప్పుడు నేనూ ఆ-కే మార్కు వేస్తున్నాను.